లాగితే ఊడే ముడి

పోయిన నెల మా పాలాయన పోయినప్పుడు కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టింది నేనే. ఆయన మేనల్లుడు క్లాంగ్ నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, కట్టడానికి రబ్బరు బ్యాండు కోసం వంటింట్లో వెతుకుతున్నాడు. చూడలేకపోయాను. నాది కుట్టుకొట్టు, సంచిలో తెల్లగుడ్డ ఎప్పుడూ ఉంటుంది. ఓ పేలిక చించి కట్టేశాను. కట్టాక చూసుకుంటే అది ఆయన ముడే. ఒక కొస బయటికి వేలాడుతుంది, ఆ కొస లాగితే చాలు మొత్తం ఊడిపోతుంది. ఆయనే ఉండి ఉంటే వంగి చూసి, "బాగానే ఉన్నాది గానీ తోక పొట్టి" అనేవాడు. నిజంగానే పొట్టిగా ఉంది.

పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు 'ఏనాడూ అబద్ధం ఆడలేదు' అనడం మనకి మామూలే. ఈయన విషయంలో అది పొగడ్త కాదు, ఫిర్యాదు. కొందరికి ఆయాసం ఉన్నట్టు ఈయనకి నిజం చెప్పే జబ్బు ఉండేది. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడని, అది నా కళ్ళముందే ఆడాడని ముప్పై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను. ఆ నమ్మకం నాకు చాలా అవసరం. ఎందుకో చెప్తాను.

మలేషియాలో మా బంటింగ్ ఊరి చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో ఆయన ఆవులు మేసేవి. పొద్దున్నే మోటారుసైకిలుకి రెండువైపులా క్యాన్లు తగిలించుకుని మా వీధికి వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి ముందు ఆరోజు పాలలో ఉన్న లోపం చెప్పేవాడు, ఆ తర్వాతే పోసేవాడు.

"వానకి మూత ఎగిరిపోనాది. ఓ గ్లాసుడు వాననీరు కలిసినాది. పోసీమంటావా?"

ఇంకోరోజు, "ఎర్రావు ఏటో ఆకు తిన్నాది. పాలు వాసనేస్తన్నాయి. నానైతే తాగను లా" అనేవాడు. మాట చివర మలాయ్ వాళ్ళలా 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

పక్కవీధికి ఇంకో పాలాయన వచ్చేవాడు. కుళాయి నీళ్ళు కలిపేవాడు, ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆయనకి రెట్టింపు వాడికలు. మా అమ్మ మాత్రం ఈయన దగ్గరే పోయించుకునేది. ఎన్ని నీళ్ళు తాగుతున్నామో తెలిసి తాగుతున్నాం కదా అని ఆవిడ లెక్క.

ఏం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పడు. భుజం మీద ఎర్ర తువ్వాలు ఉండేది. దాని చెంగు చేతిలోకి తీసుకుని, అక్కడ ఏదో రాసి ఉన్నట్టు చూసి, అప్పుడు చెప్పేవాడు. ఎదురుపడి 'ఎలా ఉన్నారు' అంటే కూడా అంతే. మనం పది అడుగులు వేసేశాక వెనకనుంచి వినబడేది, "మోకాలు నొప్పిగా ఉన్నాది" అని. ఒకసారి గుడిలో శ్రీరామనవమి భజన అయ్యాక పాడినాయన వచ్చి, ఎలా ఉందని ఉత్సాహంగా అడిగాడు. ఈయన చెంగు చూసుకుని, "రెండో పాటకి నాను బైటికెల్లిపోనాను" అన్నాడు. ఆ పాడినాయన మరుసటి నెలనుంచి పక్కవీధి పాలు పోయించుకున్నాడు.

ఇక పెళ్ళిచూపులు. ఎవరివో అయితే ఇంకా నవ్వుతూ చెప్పేదాన్ని. నావే.

అప్పుడు నాకు ఇరవై రెండు. ఆయనకి ముప్పై దాటాయి. మా అమ్మే పట్టుబట్టి పిలిపించింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మా నాన్న మాట కలపడానికి చొక్కా బాగుందన్నాడు. "ఇది నాది కాదు మావా, మా తమ్ముడిది. రేపు ఇచ్చీయాల" అన్నాడు ఆయన. మా పిన్ని టీ ఇస్తూ ఆవులెన్ని, ఇల్లు సొంతమా అని అడిగింది. వాటికి జవాబు చెప్పి, ఎవరూ అడగకుండానే ఇంకో రెండు చేర్చాడు. "నాకు గొరకొస్తాది. పక్కింటోళ్ళు సెప్పినారు. ఆవుల వాసన ఎంత తోమినా పోదు." మా పిన్ని టీ కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

చివరికి మా నాన్న గొంతు సవరించుకుని అడిగాడు, "పిల్ల నచ్చినాదా బాబూ?"

ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తమ్ముడి చొక్కా కదా, ఆరోజు తువ్వాలు లేదు. చెయ్యి కాసేపు గాల్లో తడుముకుంది.

"ఇంకా తెల్దు మావా. ఇప్పుడే గదా సూసినాను."

మా నాన్నకి అది అవమానం. నచ్చిందనో, ఇంట్లో అడిగి చెప్తాననో అంటే సరిపోయేది. ఆ మాట మీదే సంబంధం తప్పిపోయింది. నాకు మాత్రం ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. అయితే నన్ను ఎవరూ అడగలేదు. ఆ మరుసటి ఏడు నా పెళ్ళి మా ఆయనతో అయింది. మా ఆయన చక్కగా అబద్ధాలాడతాడు. ముప్పై ఏళ్ళుగా నా వంట మెచ్చుకుంటూనే ఉన్నాడు.

సంబంధం తప్పిపోయినా ఆయన పాలు తేవడం మానలేదు. సిగ్గుపడాల్సింది ఏముందో ఆయనకి అర్థం కాలేదనుకుంటాను. నేను కుట్టుకొట్టు పెట్టినప్పుడు ముందు టార్పాలిన్ కట్టిందీ ఆయనే. అప్పుడే నాకు ఆ ముడి నేర్పాడు. ఆయన చిన్నప్పుడు లంగాట్ నది పొంగింది. వాళ్ళ నాన్న ఆవుల్ని గుంజలకి గట్టిముళ్ళు వేసి కట్టాడు. నీళ్ళు వచ్చేసరికి ముళ్ళు తడిసి బిగుసుకుపోయాయి. రెండు ఆవులు కట్టేసిన చోటే మునిగిపోయాయి. అప్పటినుంచి ఆ ఇంట్లో తోక లేని ముడి ఎవరూ వెయ్యలేదు. ఆయన ముడి ఆవు ఎంత గింజుకున్నా ఊడదు. మనిషి తోక పట్టి లాగితే ఒక్క గుంజుకి ఊడిపోతుంది.

"కట్టినప్పుడే ఇప్పదీసే తోవ ఎట్టాల," అన్నాడు టార్పాలిన్ తాడు నా చేతికిచ్చి. "ఏదీ, లాగు."

లాగాను. టార్పాలిన్ మొత్తం మా ఇద్దరి నెత్తిమీద పడింది.

మా ఊరికి ఆనుకుని జావా వాళ్ళ కంపుంగ్, అంటే వాళ్ళ పల్లె, ఉండేది. వాళ్ళ తాతలు జావా నుంచి వచ్చారు, మా తాతలు విశాఖపట్నం నుంచి వచ్చారు. రెండువైపులా ఎవరూ తిరిగి వెళ్ళలేదు. ఆ కంపుంగ్‌లో ఒక అవ్వకి సింత్రెన్ బృందం ఉండేది. సింత్రెన్ అంటే వాళ్ళ పల్లె నాట్యం, అందులో ఒక ప్రేమకథ. రాజుగారింటి కుర్రాడు పల్లె పిల్లని ఇష్టపడతాడు. తండ్రి ఒప్పుకోడు. పిల్ల నాట్యకత్తె అయిపోతుంది. ఒకరోజు ఆమె ఆడుతుంటే కుర్రాడు జనంలోంచి తన చేతిగుడ్డ ఆమె మీదికి విసురుతాడు. అది తగలగానే ఆమె సొమ్మసిల్లి పడిపోతుంది, అతను ఎత్తుకుపోతాడు. కథ అంతే. దాన్ని వాళ్ళు ఆడే పద్ధతే వేరు.

మామూలు బట్టల్లో ఉన్న పెళ్ళికాని పిల్లని తీసుకొచ్చి, చేతులు తాడుతో కట్టేసి, పెద్ద కోళ్ళగంప కింద కూర్చోబెడతారు. గంప మీద గుడ్డ కప్పుతారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటారు. మట్టికుండ మూతిమీద రబ్బరుచెప్పు ముక్కతో కొడుతుంటే గుబుగుబుమని మోగుతుంది. పాట మూడుసార్లు అయ్యేసరికి గంప ఊగుతుంది. ఎత్తితే పిల్ల కట్లు విప్పుకుని, నాట్యం బట్టలు వేసుకుని, నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉంటుంది. దేవకన్య దిగి ఆమెని అలంకరించిందని చెప్తారు. ఇక ఆడుతుంది. జనం రుమాళ్ళు విసురుతారు. ఏది తగిలినా పడిపోతుంది, అవ్వ లేపుతుంది, మళ్ళీ ఆడుతుంది.

దేవకన్య ఏ మచ్చా లేని పిల్ల మీదికే దిగుతుందని వాళ్ళ నమ్మకం. గంపలోంచి పిల్ల బయటికి రాలేదంటే దిగలేదని అర్థం. ఎందుకు దిగలేదో ఇక ఊరే చెప్పుకుంటుంది.

ఆ బట్టలు కుట్టింది నేనే. అవ్వ మా కొట్టుకి వచ్చి, కూర్చునే, చీకట్లో, ఒక పాట అయ్యేలోగా వేసుకునేలా ఉండాలంది. నేను కారణం అడగలేదు. కుట్టుపనిలో కారణాలు అడిగితే గిరాకీ పోతుంది. ముందువైపు పదకొండు టిచ్ బటన్లు పెట్టాను. కొలతలకి అవ్వ మనవరాలు వచ్చింది. సన్నటి పిల్ల, నాకంటే ఏడాది చిన్న. కొలతలు ఇస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది, నడుము కొలత రెండుసార్లు తప్పింది.

చేతులు కట్టడానికి అవ్వ ఆయన్ని ఎంచుకుంది. కట్టేవాడు తమ మనిషి అయితే జనం నమ్మరు. బయటివాడు కావాలి, వాడి మాట ఊరంతా నమ్మాలి. ఆయన కంపుంగ్‌లో పాలు పోస్తూ వాననీళ్ళ సంగతి చెప్పుకోవడం అవ్వ చాలాసార్లు విన్నది. నీ ఆవుల్ని ఎలా కడతావో అలా కట్టు అంది. ఆవిడా ఆవులున్న మనిషే. ఆయన చెంగు చూసుకుని, ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పేస్తానన్నాడు. ఊడుతుందా అని ఎవరూ అడగరు, గట్టిగా కట్టావా అనే అడుగుతారు అంది అవ్వ.

అలాగే అడిగేవాళ్ళు.

"గట్టిగా కట్టావా?"

"కట్టినాను."

"ఎలా?"

"నా ఆవుల్ని కట్టినట్టే."

జనం చప్పట్లు. ఆయన కట్టిన ఆవు ఏనాడూ తప్పించుకోలేదని అందరికీ తెలుసు. ఇలా మూడేళ్ళు సాగింది. మాయలో సగం ఆయనది, సగం నాది. ఆయనకి నా బటన్ల సంగతి తెలీదు. నాకు ఆయన ముడి సంగతి తెలుసు, మొదటి రోజే తోక చూశాను. ఎవరితోనూ అనలేదు.

ఆరోజు కంపుంగ్‌లో ఒక పెళ్ళి విందు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట. మనవరాలికి క్లాంగ్ సంబంధం మాటల్లో ఉంది. పెళ్ళికొడుకు తల్లి, మేనమామ చూడటానికి వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ఆ మేనమామ లారీ డ్రైవరు. ఈయన తాడు పట్టుకుని లేవగానే అతనూ లేచాడు. ఈ పాలాయన మూడేళ్ళుగా ఇంట్లో మనిషి అయిపోయాడు, ఈసారి నేను కడతాను అన్నాడు. కాదనడానికి అవ్వకి దారి లేదు. కాదంటే ఏదో ఉందన్నట్టే. ఆ మేనమామ లారీలోంచి నైలాన్ తాడు తెచ్చి, నీళ్ళలో ముంచి, సరుకు కట్టినట్టు కట్టాడు. మెలిక మీద మెలిక. ఈయన పక్కనే నిలబడి చూశాడు. నేను ఆడవాళ్ళ వైపునుంచి చూశాను. తోక లేదు.

పిల్లని గంప కింద పెట్టారు. పాట మొదలైంది. మూడుసార్లు అయింది. గంప ఊగింది గానీ అది వేరే ఊగడం. నాలుగు, అయిదు. కుండ కొట్టే ఆవిడ చెయ్యి మార్చుకుంది. ఏడోసారికి పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు తల్లి పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆ పక్కావిడ ఇంకో పక్కకి తిరిగింది. అవ్వ మొహంలో రక్తం లేదు. నా పదకొండు టిచ్ బటన్లూ ఆ గంప కింద ఎందుకూ పనికిరాకుండా పడి ఉన్నాయి.

ఆయన ముందుకి నడిచాడు. పరిగెత్తలేదు, పాలు పోయడానికి గుమ్మం ఎక్కినట్టు నడిచాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి గంప మీదికి విసిరాడు.

కుండ ఆగిపోయింది. అవ్వ రెండు క్షణాలు ఆయన్నే చూసింది. తర్వాత పెద్దగా అరిచింది, "పిల్ల పడిపోయింది! లేపండి!" అని. గుడ్డ తగిలితే పడిపోవాలి, పడిపోతే పాట ఆపి లేపాలి. నియమం నియమమే. పిల్ల వచ్చేదా రాకపోయేదా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. ఆడవాళ్ళం గంప ఎత్తి, చేతుల మీద శాలువా కప్పి లోపలికి తీసుకుపోయాం. లోపల నా కత్తెరతో నేనే తాడు కోశాను. మణికట్లు వాచిపోయి ఉన్నాయి. ఆ పిల్ల ఏడవలేదు. తువ్వాలు ఎవరిదని మాత్రం అడిగింది.

బయట ఆ మేనమామ గొంతు లేచింది. గుడ్డ విసరడం పిల్ల బయటికి వచ్చాక. అందులోనూ మొదటి గుడ్డ కథలో ఎవరిది? ప్రేమించినవాడిది. నువ్వెవడివి విసరడానికి? నేను కిటికీ దగ్గరికి వచ్చాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు, తువ్వాలు లేదు. మేనమామ ఆయన చొక్కా పట్టుకుని మలాయ్‌లో అడిగాడు, "ఏం, పిల్లంటే ఇష్టమా?"

చెయ్యి జారిందనొచ్చు. తొందరపడ్డాననొచ్చు. ఆయన ఈసారి ఏమీ ఆలోచించలేదు.

"ఇష్టం" అన్నాడు.

ముందు ఎవరో నవ్వారు, ఆపైన అందరూ నవ్వారు. ఆవుల వాసనేసే తెలుగు పాలాయన రాజకుమారుడి వేషం కట్టాడు. మేనమామ కూడా చొక్కా వదిలేసి నవ్వాడు. పిల్ల మీద పడాల్సిన మాట మొత్తం ఆయన మీద పడింది. అవ్వ ఇంకోసారి టీ పొయ్యమంది. ఆ నెలలోనే సంబంధం ఖాయమైంది.

అప్పటినుంచి కంపుంగ్‌లో ఆయన పేరు రాదెన్. జావా మాటలో రాజకుమారుడు. "రాదెన్, రెండు లీటర్లు" అని పిలిచేవాళ్ళు. మన గుడిలో కూడా ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు, "నాను రాదెన్ని కాదు లా, నాకు ఆవులున్నాయి" అని. పెళ్ళి చేసుకోలేదు. మళ్ళీ ఆయన్ని ఎవరూ ముడి వెయ్యమనలేదు. కొన్నాళ్ళకి అవ్వ పోయింది. గంపలో కోళ్ళు పెట్టుకున్నారు.

నేను మాత్రం అది అబద్ధమని తేల్చేసుకున్నాను. పిల్ల పరువు కోసం అబద్ధం ఆడని మనిషి అబద్ధం ఆడాడు, ఎంత గొప్పవాడు అనుకున్నాను. లేకపోతే నేను ఇంకోటి ఒప్పుకోవాల్సి వచ్చేది. మా ఇంట్లో 'ఇంకా తెల్దు' అన్న మనిషి అక్కడ చెంగు కూడా వెతక్కుండా చెప్పేశాడని. ఈ ముప్పై ఏళ్ళలో రోజూ కనిపించాడు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడిగితే నిజం చెప్తాడు, అందుకే అడగలేదు.

పోయిన నెల ఆయన ఇంటికి ఆ అవ్వ మనవరాలు కూడా వచ్చింది. తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో బిస్కెట్ల డబ్బాతో. యాభై దాటాయి, ఒళ్ళు చేసింది. ఇప్పుడు నా కొలతలేవీ ఆవిడకి సరిపోవు. ఇద్దరం పందిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"ఆయన బతుకంతా ఒక్క అబద్ధం ఆడాడు. మీకోసం" అన్నాను మలాయ్‌లో.

ఆవిడ నావైపు తిరిగింది. "అబద్ధమా?"

"ఆరోజు. ఇష్టం అన్నాడు కదా."

"నేను అడిగాను," అంది ఆవిడ నెమ్మదిగా. "పెళ్ళికి వారం ముందు పాలు పోయడానికి వచ్చాడు. నాకోసం అన్నావా, నిజంగానే అన్నావా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"నిజమే అన్నాడు. ఈ పాలు తెల్లారగట్ల పితికినవి, తొందరగా కాచుకో అన్నాడు."

"మీరేమన్నారు?"

"తొందరగా కాచాను" అంది.

ఇంకేం అడుగుతాను. డబ్బా మూత తీసి ఆవిడ నాకు ఒక బిస్కెట్ ఇచ్చింది, తిన్నాను. ముప్పై ఏళ్ళు దాచుకున్నది అలా పోయింది. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, మా నాన్న మీద, నా మీద, ఆ తమ్ముడి చొక్కా మీద. ఆయన మీద మాత్రం రావడం లేదు. నచ్చని చోట నచ్చిందని చెప్పి నన్ను చేసుకోలేదు కదా.

ఇక్కడ మనవాళ్ళని కూడా పెట్టెలోనే తీసుకుపోతారు. పెట్టె మూసే ముందు కర్మ చేయించే తమిళ అయ్యరు వేళ్ళ కట్టు విప్పమన్నాడు. మేనల్లుడు వంగి ముడి ఎక్కడుందో వెతుకుతున్నాడు, ఎవరో కత్తెర అంటున్నారు. నేను కట్టినది, నేను లాగితే అయిపోతుంది. ఆవిడ నా పక్కనే నిలబడి ఆ ముడినే చూస్తోంది. గుర్తుపట్టింది. మూడేళ్ళు గంప కింద చీకట్లో ఆ తోక వెతుక్కున్న చేతులవి.

"మీరు లాగండి" అన్నాను.

ముట్టుకోవచ్చా అన్నట్టు ఆవిడ అయ్యరు వైపు చూసింది. ఆయన "పరవాల్లే అమ్మా" అన్నాడు. ఆవిడ ముందుకి వెళ్ళి, ఎటో చూస్తూ, రెండు వేళ్ళతో ఆ పొట్టి తోక పట్టి లాగింది. ఒక్క గుంజుకి ఊడిపోయింది. పేలిక మడిచి తన సంచిలో పెట్టుకుంది.

మేనల్లుడు నా దగ్గరికి వచ్చాడు. "అత్తా, ఏటి, ఏడుస్తన్నావా?"

"లేదురా, సాంబ్రాణి పొగ" అన్నాను.

సాంబ్రాణి ఇంకా ఎవరూ ముట్టించలేదు.